ఒక్క లాగుతో ఊడే ముడి

మా అయ్యకి తెల్లోడ అంటే భయం.

1980ల మొదట్లో సంగతి. మా ఉప్పాడలో అప్పటికి కోస్ట్ గార్డ్ అనే మాటే ఎవరికీ తెలీదు. వేటకి పోయినప్పుడు దూరంగా కొంగలా తెల్లగా ఓ ఓడ కనిపించేది. దాని ముందు భాగంలో పొడుగాటి గొట్టం. ఆ తెల్ల ఓడ, మా మాటలో తెల్లోడ, కనిపించిందంటే అయ్య తెప్పని ఇంకో దారికి తిప్పేసేవాడు. ఆ పక్క చేప ఎంత పడుతున్నా సరే, వల ఎత్తేసి వచ్చేసేవాడు.

మాది కర్రతెప్ప. దుంగల్ని తాళ్లతో బిగించి, మీద చిన్న తెరచాప. ఆ తెరచాపని అయ్య ఒక రకం ముడితో కట్టేవాడు. ఎంత గాలికైనా జారేది కాదు, గాలి అడ్డం తిరిగినప్పుడు మాత్రం కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి చాప కిందికి వచ్చేసేది. ఆ ముడి వెయ్యడం రానిదే నన్ను తెప్ప ఎక్కనివ్వలేదు. పదేళ్ల వయసులో ఇంటి గుంజకి కట్టి, విప్పి, కట్టి, వేళ్లు ఒరిసిపోయేదాకా నేర్చుకున్నాను. ఆ గుంజ, ఆ ఇల్లు, ఆ వీధి ఇప్పుడు లేవు. ఉప్పాడ తీరం సంగతి తెలిసిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, సముద్రం మా వీధి దాటి చాలా లోపలికి వచ్చేసింది.

ఇంటర్ పాసయ్యాక 1985లో నేను నావిక్‌గా కోస్ట్ గార్డ్‌లో చేరాను. ఒడిశాలో చిలికా సరస్సు పక్కన ఐఎన్ఎస్ చిల్కాలో ట్రైనింగ్. తరవాత కొచ్చిలో నేవీ వాళ్ల గన్నరీ స్కూలు, ఐఎన్ఎస్ ద్రోణాచార్య. మొదటి సెలవుకి ఇంటికి వచ్చి నా డ్యూటీ ఓడ ముందున్న గొట్టం దగ్గరే అని చెప్పగానే అయ్య చేతిలో వల పక్కన పెట్టేశాడు.

"ఒరే, ఆ ఓడ మంచికే తిరుగుతుందంటావు. మంచికే అయితే దానికి గొట్టం దేనికిరా?"

నాకు పందొమ్మిదేళ్లు. నేర్చుకున్న పాఠమంతా గడగడా అప్పజెప్పాను. 1976 చట్టంతో ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపా, చమురూ మన దేశానివి అయ్యాయనీ, స్మగ్లింగ్ ఆపడానికి రుస్తంజీ కమిటీ సిఫారసు చేస్తే 1977 ఫిబ్రవరి 1న కోస్ట్ గార్డ్ మొదలైందనీ, విదేశీ ట్రాలర్లు మన చేప దోచుకుపోతుంటే చేత్తో ఊపితే ఆగవనీ. అయ్య అంతా విన్నాడు. "అది నీ నోటి మాట. సంద్రంలో నాకు నీ నోరు వినపడదు, గొట్టమే కనపడతది" అన్నాడు. మళ్లీ వల అందుకున్నాడు.

నేను ముప్పై ఏళ్ల దగ్గర దగ్గర పనిచేశాను. ఆ మాటకి సరిపోయే జవాబు నాకు క్లాసురూములో ఎవరూ చెప్పలేదు.

మా మొదటి గన్ను 40 మిల్లీమీటర్ల బోఫోర్స్. 1987లో ఆ పేరు పేపర్ల నిండా మోగింది. కుంభకోణంలో వినపడింది ఆర్మీ వాళ్ల 155 మిల్లీమీటర్ల పెద్ద ఫిరంగి, మాది అదే పేరున్న పాత డిజైను, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. కరెంటూ కంప్యూటరూ ఏవీ అక్కర్లేదు. ఒకడు చక్రం తిప్పితే గొట్టం పక్కలకి తిరుగుతుంది, ఇంకొకడు తిప్పితే పైకీ కిందికీ. మూడోవాడు నాలుగేసి గుళ్లున్న క్లిప్పు పైనుంచి పెట్టాలి. క్లిప్పు ఒక్కోటీ ఎనిమిది కిలోల పైనే, ఓడ ఊగుతుంటే అది చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టే ఉండేది. పేలినప్పుడు ఛాతీ లోపల ఎవరో గుద్దినట్టు ఉండేది. ఇత్తడి ఖాళీ తొడుగులు డెక్కు మీద గణగణా దొర్లేవి. ఉప్పుగాలికి రోజూ తుడవాలి, గ్రీజు పెట్టాలి, లేకపోతే రెండు రోజుల్లో తుప్పు. పని అయ్యాక మందపాటి కాన్వాస్ గుడ్డ కప్పి తాళ్లతో కట్టేయాలి.

ఆ గుడ్డ దగ్గరే మా ఓడలో పెద్ద పేచీ ఉండేది. మా గన్ సెక్షన్ పెద్దాయన హర్యానా మనిషి, మంచివాడు, పని రాక్షసుడు. ఆయన లెక్కలో పెట్రోలింగ్‌లో ఉన్నంతసేపూ గన్ను మీద గుడ్డ ఉండకూడదు. అవతలి వాడు గొట్టం చూస్తేనే ఆగుతాడు, గుడ్డ చూస్తే నవ్వుకుంటాడు అనేవాడు. పైగా ఆ గుడ్డ విప్పడానికి రెండు నిమిషాలు పడితే ఆ రెండు నిమిషాల్లో మనవాళ్లు పోతారు అనేవాడు.

ఆయన మాటలో నిజం ఉందని నేను కళ్లారా చూశాను. అండమాన్ దగ్గర ఓ రాత్రి థాయ్ ట్రాలర్ ఒకటి లైట్లు ఆర్పేసుకుని వల లాగుతూ దొరికింది. రేడియోలో పిలిచాం. సైరన్ కొట్టాం. సెర్చ్ లైట్ వేశాం. వెంటనే ఆగు అని అర్థం వచ్చే పసుపు నలుపు గళ్ల జెండా ఎగరేశాం. వల తాడు తెగ్గొట్టుకుని మరీ పరుగు పెట్టింది. అరగంట తరిమాక దాని ముక్కుకి ముందు, బాగా దూరంగా, నీళ్లలోకి నాలుగు గుళ్లు. అంతే, ఇంజను ఆగిపోయింది. దాని కడుపు నిండా ఐసులో మన చేప. ఆ రోజు గన్ను లేకపోతే మేం దాని వెనక జాతర చూసి వచ్చేవాళ్లం.

గన్నే వద్దు అనే మాట అందుకే నా నోట రాదు.

కానీ 1992 ఫిబ్రవరిలో ఇంకొకటి చూశాను. అది ఇప్పటికీ కలలోకి వస్తుంది.

పారాదీప్‌కి తూర్పున ఉన్నాం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, మంచు. రాడార్‌లో ఓ చిన్న చుక్క. లైటు లేదు, పిలిస్తే పలకడం లేదు, మమ్మల్ని చూసి కదలడమూ లేదు. గన్ క్రూ సిద్ధం కమ్మన్నారు. గుడ్డ ముందే తీసి ఉంది. నేను పక్కలకి తిప్పే సీట్లో కూర్చున్నాను. గురి చూసే మా సైటు ఇనప చువ్వలతో సాలెగూడులా గుండ్రంగా ఉండేది, గుండ్రం లోపల గుండ్రం. దాని నడుమ ఆ చుక్కని పెట్టి చక్రం పట్టుకుని కూర్చున్నాను. దగ్గరకి వెళ్లేకొద్దీ చుక్క బోటయ్యింది. ఇంకా దగ్గరకి వెళ్తే బోటు మీద మనిషి కనపడ్డాడు. ఇంకా దగ్గరకి వెళ్తే ఆ మనిషి పన్నెండేళ్ల పిల్లాడు.

రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కుడిచేతిలో గరిటె ఉంది. అన్నం వండుతూ లేచినట్టున్నాడు, గరిటె కింద పెట్టాలని కూడా తోచలేదు. మెతుకులు గరిటె నుంచి జారి వాడి జుట్టులో పడుతున్నాయి. వాడు ఏడవడం లేదు. నా గొట్టం వైపే చూస్తున్నాడు. నా సైటులో సరిగ్గా లోపలి గుండ్రంలో వాడి ముఖం ఉంది. అక్కడ పెట్టింది నేనే.

వెనక ఇద్దరు తలపాగాలు. ఆ చుట్టు చూడగానే నాకు తెలిసిపోయింది. "సార్, మావాళ్లే, కాకినాడ సోనా బోటు" అని అరిచాను. నిజానికి క్రూలో ఉన్నవాడు అలా అరవకూడదు. ఓడని నడిపే బ్రిడ్జి మీద నుంచి కెప్టెన్ చెయ్యి ఊపాడు. గొట్టాన్ని ఓడ పొడుగునా తిప్పి పైకి ఎత్తేశాం. నన్ను మైకు దగ్గరకి పిలిచి మీ భాషలో చెప్పు అన్నాడు. మైకు పట్టుకున్నాక నాకు గొంతు పెగల్లేదు. "ఒరే అబ్బాయ్, చేతులు దించరా, ఏం కాదు" అన్నాను చివరికి. వాడు దించలేదు. వెనకనుంచి బోటు నడిపే సరంగు వచ్చి, వాడి చేతులు పట్టుకుని దించాడు.

ఇంజను పాడై మూడు రోజులుగా కొట్టుకుపోతున్నారట. బ్యాటరీ అయిపోయింది, అందుకే లైటూ లేదు, రేడియోకి జవాబూ లేదు. మా ఇంజనీరింగ్ వాళ్లు వెళ్లి బాగుచేశారు, డీజిలూ నీళ్లూ ఇచ్చారు. సరంగు దణ్ణాలు పెట్టాడు. పిల్లాడు మాత్రం మా వైపు తిరిగి చూడలేదు.

ఆ రాత్రి పెద్దాయన దగ్గరకి వెళ్లి అయ్య ముడి చూపించాను. గుడ్డకి ఉన్న ఎనిమిది కట్లూ తీసేసి, ఒకే తాడు చుట్టూ తిప్పి, ఒక్క ముడి. కొస పట్టుకుని లాగితే తాడంతా ఊడొస్తుంది, గుడ్డ జారిపోతుంది. గడియారం పెట్టి చూశాడు. ఆరు సెకన్లు. ఇంకోసారి చేయించాడు. అయిదు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మర్నాటి నుంచి మా ఓడలో పెట్రోలింగ్‌లో కూడా గన్ను మీద గుడ్డ ఉండేది. మనుషులు సిద్ధంగా ఉంటారు, గుళ్లు సిద్ధంగా ఉంటాయి, తాడు కొస ఒకడి చేతిలో ఉంటుంది. అవతల బోటు వాడికి మాత్రం గొట్టం కనపడదు. వాడు ఆగకపోతే అప్పుడు కనపడుతుంది.

1996 నవంబర్ 6 తుఫాను మా తూర్పుగోదావరి వాళ్లెవరూ మర్చిపోలేరు. కోనసీమలో కొబ్బరి చెట్లు నేలకి పడుకున్నాయి. సముద్రం మీద ఉన్న బోట్లలో వందల మంది తిరిగి రాలేదు, భైరవపాలెం లాంటి ఊళ్లలో ఇల్లిల్లూ ఏడ్చింది. విశాఖ నుంచి వెతకడానికి వెళ్లిన వాటిలో మా ఓడా ఉంది. అప్పుడు గన్నుతో పనేముంది? గన్ క్రూ అంతా రెయిలింగ్ పట్టుకుని బైనాక్యులర్లతో నీళ్లే చూశాం. తేలుతున్న చెక్కలు, థర్మకోల్, ప్లాస్టిక్ డబ్బాలు. మిగతావి నేను రాయలేను. రెండో రోజు సాయంత్రం తిరగబడ్డ బోటు వీపు మీద నలుగురు దొరికారు. ఒళ్లంతా ఉప్పుకి పగిలి, వణుకుతున్నారు. ఓడలో దుప్పట్లు అప్పటికే అయిపోయాయి. నేను పరుగున వెళ్లి ముడి లాగి గన్ను మీది గుడ్డ తెచ్చాను. గ్రీజు వాసన కొట్టే ఆ కాన్వాసు కింద నలుగురూ ఒకరినొకరు పట్టుకుని పడుకున్నారు. పక్కనే గొట్టం బోడిగా ఉంది. వాళ్లలో ఒక్కరూ దానికేసి చూడలేదు.

ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంగతి అయ్యకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "తరవాత గుడ్డ మళ్లీ కప్పారా?" అని అడిగాడు. కప్పాం అయ్యా, అన్నాను.

పెద్దాయన అప్పటికి వేరే ఓడకి వెళ్లిపోయాడు. 1999 నవంబర్‌లో విశాఖలో కనపడినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. అలోండ్రా రెయిన్‌బో వేట ముగిసిన రోజులవి. జపాన్ వాళ్ల ఓడ, ఇండోనేషియా నుంచి 7,000 టన్నుల అల్యూమినియంతో బయల్దేరితే దొంగలు ఎక్కేశారు. సిబ్బంది 17 మందిని లైఫ్ రాఫ్ట్‌లో నడిసముద్రంలో వదిలేశారు. ఓడకి పేరు మార్చి, జెండా మార్చి అరేబియా సముద్రం మీదుగా పారిపోతుంటే మన కోస్ట్ గార్డ్ ఓడ తారాబాయి వెంటపడింది. హెచ్చరికగా కాల్చినా ఆగలేదు. నేవీ ఐఎన్ఎస్ ప్రహార్ కూడా కలిశాక, గుళ్లు తగిలాక ఆగింది. ఆగే ముందు దాన్ని ముంచేయాలని చూశారు కూడా. 15 మంది దొరికారు. "ఇప్పుడు చెప్పు, గుడ్డ కప్పుకుని అడిగితే ఆగేవాడా?" అన్నాడు పెద్దాయన. ఆగేవాడు కాదు. "అక్కడా ముడి లాగడానికి అయిదు సెకన్లే పట్టేది సార్" అన్నాను నేను. ఇద్దరం టీ తాగాం.

అదే ఏడాది జులైలో జర్మనీలోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం ఓ తీర్పు చెప్పింది. సైగా అనే ఆయిల్ ట్యాంకర్ మీద గినియా పెట్రోల్ బోటు కాల్పులు జరిపిన కేసు. ముందు కనపడేలా, వినపడేలా సిగ్నల్ ఇవ్వాలి, తరవాత ముక్కు ముందు కాల్చాలి, ఏదీ పనిచెయ్యనప్పుడే బలం, అదీ మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా చూసుకుంటూ. మా ఆఫీసర్ చదివి వినిపించినప్పుడు అందులో నాకు కొత్తగా ఏదీ అనిపించలేదు. మాకు నేర్పిన వరసే అది. ఒక్కటే చేర్చాలనిపించింది. ఆ వినపడేలా ఇచ్చే సిగ్నల్ అవతలి వాడి భాషలో ఉండాలి. తూర్పు తీరంలో తిరిగే ప్రతి ఓడలో తెలుగు, ఒడియా, బెంగాలీ, తమిళం మాట్లాడే వాళ్లు ఒక్కొక్కరైనా ఉండాలని నేను సర్వీసంతా చెబుతూనే వచ్చాను. విన్న కెప్టెన్లు ఉన్నారు, వినని వాళ్లూ ఉన్నారు.

2008 నవంబర్ 26 తరవాత నా వాదన బరువెక్కింది, నాకే మొయ్యడం కష్టమైంది. ముంబైకి వచ్చిన పదిమంది కుబేర్ అనే మన గుజరాత్ చేపల బోటునే లాక్కుని, అందులోనే వచ్చారు. ఇక చేపల బోటు కనపడితే నమ్మడం ఎలా? కుర్ర నావిక్‌లు ప్రతి బోటునీ వేలు ట్రిగ్గర్ మీదున్నట్టే చూడటం మొదలుపెట్టారు. నేను వాళ్లకి గరిటె పిల్లాడి కథ చెప్పేవాణ్ని. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఆయిల్ ట్యాంకర్ మీదున్న ఇటలీ నేవీ మెరైన్లు సముద్రపు దొంగలనుకుని ఇద్దరు మత్స్యకారుల్ని కాల్చి చంపారు. ఆ ట్యాంకర్‌ని కొచ్చికి తిప్పి తెచ్చినవాళ్లలో మన కోస్ట్ గార్డ్ ఓడలు ఉన్నాయి. ఆ వార్త విన్న రోజు నేను అన్నం తినలేదు. ఆ ఇద్దరి ముఖాలూ ఎవరి సైటులోనో కనపడి ఉంటాయి కదా, అయినా గుర్తుపట్టలేదు.

ఆ ఏడాది జనవరిలోనే విశాఖలో రాణి అబ్బక్క అనే ఓడ కోస్ట్ గార్డ్‌లోకి వచ్చింది. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిన పెట్రోల్ ఓడ. దాని ముందు 30 మిల్లీమీటర్ల గన్ను, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లది, ఎద్దుమైలారంలో తయారైంది. ఓడ విశాఖది, గన్ను మెదక్‌ది అని నేను గర్వంగా అందరికీ చెప్పుకున్నాను. మా బోఫోర్స్‌లా చక్రాలు తిప్పక్కర్లేదు, కూర్చున్న చోటు నుంచే నడపొచ్చు. 2013లో నేను వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాను. అయ్య అంతకు ముందు ఏడాదే పోయాడు.

2019లో అమ్మాయి దగ్గరకి టొరంటో వెళ్లాం. ఒంటారియో సరస్సు ఒడ్డున నడుస్తుంటే ఎర్రటి ఓడ, తెల్ల చార, పక్కన కోస్ట్ గార్డ్ అని రాసి ఉంది. కళ్లు అలవాటుగా ముందు డెక్కు మీదకి పోయాయి. ఏమీ లేదు. గొట్టమూ లేదు, గుడ్డా లేదు. కెనడా కోస్ట్ గార్డ్ సివిల్ సంస్థ అని, అవసరమైతే పోలీసులో ఫిషరీస్ ఆఫీసర్లో తమ ఆయుధాలతో ఎక్కుతారని అల్లుడు గారు చెప్పారు. అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఆ పెద్ద సరస్సుల్లో యుద్ధ ఓడలు మితిమీరకుండా అమెరికాతో 1817లోనే ఒప్పందం ఉందట. 2006లో అమెరికా వాళ్లు తమ వైపు కోస్ట్ గార్డ్ బోట్లకి మెషిన్ గన్‌లు బిగించి, సరస్సుల్లో 34 చోట్ల కాల్పుల ప్రాక్టీసు పెడతామంటే ఒడ్డున జనం ఒప్పుకోలేదు, ఆ ఏడాది డిసెంబర్‌లో ఆ ప్లాను వెనక్కి తీసుకున్నారు. నాకు అసూయ లాంటిది కలిగింది. గొట్టం లేని తెల్లోడ, అయ్య అడిగిన ఓడ, ఎర్ర రంగులో నా కళ్ల ముందే ఉంది. మా బంగాళాఖాతం ఆ సరస్సు కాదు. అక్కడ పరుగెత్తిన ట్రాలర్‌ని నేను చూశాను కాబట్టి గన్ను తీసెయ్యండి అని ఇప్పటికీ అనను. కానీ ఒడ్డున జనం వద్దంటే విన్నారు చూడండి, అది నాకు బాగా నచ్చింది. మా ఉప్పాడ వాళ్లని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మొన్న ఫిబ్రవరిలో కోస్ట్ గార్డ్ డే అని కాకినాడలో ఓడ చూడనిస్తుంటే మనవణ్ని తీసుకుని వెళ్లాను. పిల్లలంతా గన్ను చుట్టూనే. దాని మీద గుడ్డ ఉంది, చూసి మనసు చల్లబడింది. ముడులు చూస్తే అన్నీ మొండి ముడులు, ఒక్కోటి విప్పడానికి గోళ్లు పోతాయి. పక్కన కుర్ర నావిక్ నిలబడి ఉన్నాడు.

"ఏ ఊరు నాన్నా?"

"భైరవపాలెం సార్."

"తెరచాప ముడి వచ్చా?"

"మా తాతకి వచ్చంట సార్. నేను చూడలేదు."

మనవడి చేతిలో నీళ్ల సీసా తాడు ఉంటే తీసుకుని రెయిలింగ్‌కి కట్టి చూపించాను. వేళ్లు మునుపటిలా తిరగడం లేదు, అయినా ముడి పడింది. లాగాను, ఊడింది. తను కట్టాడు. లాగితే బిగుసుకుపోయింది. "కొసని వెనకనుంచి రానీ" అన్నాను. రెండోసారి కట్టి, కొస పట్టుకుని నా ముఖం చూశాడు.

"లాగు" అన్నాను.

ఒక్క లాగుకి వచ్చేసింది. మనవడు చప్పట్లు కొట్టాడు. కుర్రాడు మాత్రం గన్ను మీది ముడులకేసి, చేతిలో తాడుకేసి మార్చి మార్చి చూశాడు. తరవాత వంగి, గుడ్డ మీద మొదటి మొండి ముడి విప్పడం మొదలుపెట్టాడు.